ఫోను రాలేదన్నవాడు

"చంపింది నేనే మేడమ్. ఎన్నిసార్లు చెప్పించుకుంటారు?"

ఇది మూడోసారి. మొదటిసారి ఏడుస్తూ చెప్పాడు, రెండోసారి గోడవైపు చూస్తూ చెప్పాడు, ఇప్పుడు విసుక్కుంటూ చెబుతున్నాడు. ఈ డిటెక్టివు వృత్తిలో తల నెరిసినదాన్ని, హంతకుల్ని బాగానే చూశాను. నేరం నెత్తిన వేసుకోవడానికి ఇంత ఆత్రపడ్డవాణ్ణి మాత్రం చూడలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. వీడు ఎవరూ అడక్కముందే భుజాలు అరగదీసుకుంటున్నాడు.

పోలీస్ స్టేషన్లో వెనక గది అది. ఒక బల్ల, రెండు కుర్చీలు, తిరగని ఫ్యాను. ఎదురుగా కూర్చున్నవాడు ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఇనుప సామానుకి తళతళలాడే పూత వేసే ఫ్యాక్టరీ. మొన్న పొద్దున అక్కడి మురుగు గోతిని శుభ్రం చేయడానికి ఒక మనిషి దిగాడు. అతను అడుగున ఉండగానే గొట్టంలోంచి యాసిడ్ నీళ్ళు వచ్చిపడ్డాయి, విషవాయువు లేచింది, పైకి తీసేసరికి ప్రాణం లేదు. పోయినవాడు ఈ ఫిట్టరుకి స్వయానా బావ. యాసిడ్ లైను వాల్వు తెరిచిన చెయ్యి ఈ ఫిట్టరుది.

నన్ను పెట్టుకున్నది వీళ్ళిద్దరి మధ్య మనిషి. పోయినవాడి భార్య, వీడి అక్క. "మా ఆయన్ని మీరు తేలేరు. మా తమ్ముణ్ణయినా తెచ్చిపెట్టండి" అంది నా గుమ్మంలో నిలబడి. సాయంత్రంలోగా తేకపోతే వీణ్ణి హత్యానేరం మీద జైలుకి పంపేస్తారు.

"బావంటే పగ దేనికి?" అన్నాను.

"క్యాంటీన్లో అందరి ముందూ తిట్టాడు. గ్లౌజులు లేకుండా యాసిడ్ దగ్గరికి పోతావా, మీ అక్కకి నేనేం సమాధానం చెప్పాలిరా అన్నాడు."

"అది పగ పెట్టుకునే తిట్టా? అంత మంచిగా తిట్టేవాడు నాకొకడుంటే బాగుండు."

వాడి పెదవి వణికింది. వెంటనే బిగబట్టుకున్నాడు.

"సరే. వాల్వు తిప్పేముందు నీకు ఫోనేమైనా వచ్చిందా?"

"రాలేదు."

ప్రశ్న నా నోట్లో ఉండగానే జవాబొచ్చింది. మిగతా వాటికి తడుముకున్నవాడు దీనికి మాత్రం సిద్ధంగా ఉన్నాడు.

"ఎవరూ ఏం చెప్పలేదా?"

"ఎవరూ ఏం చెప్పలేదు. ఫోనే రాలేదు. నా అంతట నేనే తిప్పాను. రాసుకుని వెళ్ళండి మేడమ్, మీకు దణ్ణం పెడతాను."

తలుపు దగ్గర దగ్గు వినిపించింది. ఇన్‌స్పెక్టరు. ఎండలో నిలబడినా చొక్కా నలగదు కాబట్టి డిపార్టుమెంటులో అందరూ ఇస్త్రీ అంటారు. ఆ పేరు ఆయనకి తెలుసు, పైగా ఇష్టం కూడా.

"ఏం మేడమ్, నిజం చెప్పినవాడి చేత అబద్ధం చెప్పించడానికి తిప్పలు పడుతున్నట్టున్నారు?"

"నిజమైతే ఇంత అతుకులెందుకుంటాయండీ. ఫోను రాలేదంటున్నాడు."

"వచ్చింది. సేఫ్టీ ఆఫీసరే చేయించాడు. ఆపమని కబురు పంపిస్తే వీడు తెరిచాడు. ఆ సంగతి బయటపడితే పీక తెగుతుందని దాస్తున్నాడు. చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది."

ఫిట్టరు తలెత్తాడు. అప్పటిదాకా చావుకి తెగించి కూర్చున్నవాడి మొహంలో మొదటిసారి భయం కనిపించింది. "లేదు సార్. ఆ ఆఫీసరు అబద్ధమాడుతున్నాడు. ఫోను రాలేదు. నన్ను పంపించెయ్యండి సార్, ఇంకెవర్నీ అడగొద్దు."

ఉరికి జంకనివాడు ఫోనుకి జంకాడు. నేను బ్యాగు తీసుకుని లేచాను.

* * *

ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు గేటు దాకా ఎదురొచ్చాడు. రెండు రోజులుగా నిద్ర లేదని కళ్ళు చెబుతున్నాయి. నేనేమీ అడక్కముందే, "నేను చెయ్యాల్సిందంతా చేశాను మేడమ్" అన్నాడు. ఆ పూట నేను చూసిన భుజాల్లో అవి రెండో జత.

మురుగు గోతి పెరడు చివర ఉంది. సిమెంటు గోడలు, లోపలికి ఇనుప నిచ్చెన, అడుగున బూడిదరంగు బురద. పక్కన స్తంభానికి ఒక ఫోను. గోడలోంచి లావుపాటి గొట్టం మూతి బయటికి వచ్చి ఉంది. అది పెరడంతా దాటుకుని అవతల షెడ్డులోని వాల్వు గది దాకా పోతుంది; అక్కడ తెరిస్తే నీళ్ళు ఇక్కడికి చేరడానికి కొన్ని నిమిషాలు పడుతుందట. ఇక్కడ నిలబడ్డవాడికి ఆ గది కనపడదు, కేకేసినా వినపడదు.

"పని నడుస్తుండగా మనిషిని ఎందుకు దింపారు?"

"కాలుష్యం తనిఖీ వాళ్ళు మర్నాడే వస్తున్నారని తెలిసింది. గోతి నిండా బురద పేరుకుని ఉంది. పని ఆపితే సరుకు ఆలస్యమవుతుందని పైవాళ్ళు ఒప్పుకోలేదు."

"యాసిడ్ నీళ్ళు పడితే కాళ్ళు కాలాలి. విషవాయువు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఆయన బురదకేసి చూశాడు. "ఇదివరకు మురుగులో సున్నం కలిపేవాళ్ళం. ఈ మధ్య సరఫరాదారు వేరే పొడి పంపుతున్నాడు. లోహం త్వరగా అడుక్కి దిగుతుందన్నాడు, దిగుతోంది కూడా. దానిమీద యాసిడ్ పడితే కుళ్ళిన గుడ్డు వాసనతో గ్యాసు లేస్తుందని కొనుగోలు విభాగానికి చెప్పాడట. అక్కణ్ణుంచి మాదాకా ఆ మాట రాలేదు."

"మీరు అడిగారా?"

"అడగలేదు." గోతి అంచు నుంచి వెనక్కి జరిగాడు. "బస్తా రంగు మారింది మేడమ్. చూశాను. అడగలేదు."

వాల్వు గదిలోకి వెళ్ళాం. ఎగ్జాస్ట్ ఫ్యాను హోరులో మా మాటలు మాకే వినపడలేదు. అక్కడ ఒక పెద్దాయన గొట్టాలకి జిడ్డు తుడుస్తున్నాడు. ఆఫీసరు చెయ్యి ఊపి, "స్నానాల మేస్త్రీ, ఆ ఫ్యాను తీసెయ్" అని అరిచాడు. మేస్త్రీ మీట నొక్కాడు, హోరు ఆగింది. బతికాం అనుకున్నాను.

యాసిడ్ వాల్వు నా నడుమెత్తులో ఉంది. పిడి గొట్టం పొడుగునా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. పొరపాటున భుజం తగిలి తిరిగేది కాదు, బలంగా లాగితే గాని కదల్లేదు. అంటే ఫిట్టరు కావాలనే తెరిచాడు. అంతవరకు ఇస్త్రీ చెప్పింది నిజమే.

పిడి పక్కన తాళం వేసుకోవడానికి రెండు కన్నాలున్నాయి.

"ఇక్కడ తాళం ఉండాలి కదండీ?"

"ఉండాలి. గోతిలోకి దిగేవాడే వాల్వు మూసి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని దిగాలి. అదీ నియమం."

"తాళమేదీ?"

ఆయన అలమారా తెరిచాడు. తాళం ప్లాస్టిక్ కవరులోనే ఉంది. కవరు చింపను కూడా లేదు.

"ఇక్కడిదాకా నడిచొచ్చి తాళం వెయ్యడానికి టైమెందుకు దండగ, ఫోనులో చెబితే అయిపోతుందని..." ఆయన మాట పూర్తి చెయ్యలేదు.

"తనిఖీ వాళ్ళొస్తే చూపించడానికి కొన్నారా దీన్ని?"

ఆయన అలమారా మూసేశాడు. నాకు ఒళ్ళు మండింది. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్ళని చూశాను గానీ, ఆకులు అలమారాలో దాచుకుని చేతులు కాల్చుకునేవాళ్ళని ఇక్కడే చూస్తున్నాను.

వెనక నుంచి బూట్ల చప్పుడు. ఇస్త్రీ నా వెనకే వచ్చాడు.

"వాల్వు చూశారుగా. దానంతటది తెరుచుకుందంటారా ఇప్పుడు?"

"అనను. అతనే తెరిచాడు. ఏం విని తెరిచాడన్నదే నా ప్రశ్న."

"ఆపమని విని."

"ఆపమనే అన్నారా? ఆ మాటే?"

ఇస్త్రీ నవ్వాడు. "మాట ఏదైతేనేం మేడమ్, సారాంశం అది."

"నాకు సారాంశం అక్కర్లేదు ఇన్‌స్పెక్టరు గారూ. మీ సారాంశం వల్ల ఒకడు జన్మంతా జైల్లో ఉంటాడు. నాకు మాట కావాలి." ఆఫీసరు వైపు తిరిగాను. "మీరు ఈ గదికి నేరుగా ఫోను చేశారా?"

"నేరుగా కలవదు. గోతి దగ్గరి ఫోను ఎక్స్ఛేంజి గదికి పోతుంది. అక్కడి ఆపరేటరుకి చెప్పాను, యాసిడ్ లైను ఆపమని చెప్పమ్మా అని. కాసేపటికి ఆవిడే మళ్ళీ చేసి, ఆపేశాడని చెప్పింది. అప్పుడే మనిషిని దింపాను."

"ఆపేశాడనే చెప్పిందా?"

"ఆ... అలాంటిదే ఏదో."

"ఆపరేటరు ఎవరు?"

ఆఫీసరు ఇబ్బందిగా ఇస్త్రీకేసి చూశాడు. "పోయినతని భార్యే మేడమ్. ఫిట్టరుకి అక్క."

నాకు ఆ అమ్మాయి ఇక్కడే పని చేస్తుందని తెలుసు. టైపు చేస్తుందో, లెక్కలు రాస్తుందో అనుకున్నాను. అడగనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

"ఆవిణ్ణి మీరు అడిగారా?" అన్నాను ఇస్త్రీతో.

"భర్త పోయిన మనిషి. పైగా ముద్దాయికి తోడబుట్టింది. ఆవిడ చెప్పేది ఏ కోర్టులో నిలుస్తుంది?" వాచీ చూసుకున్నాడు. "నేను స్టేషనుకి పోతున్నాను. వాణ్ణి బండెక్కించాలి. మీరు గొట్టాలు చూసుకుంటూ ఉండండి."

* * *

ఎక్స్ఛేంజి గది మెట్ల కింద చిన్న అర. బోర్డు నిండా బుడిపెలు, వైర్లు. ఆమె చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చుని ఉంది. మూడో రోజే పనిలోకి వచ్చింది. ఇంట్లో ఉంటే గోడలు మీద పడుతున్నాయంది.

"తమ్ముణ్ణి చూశారా మేడమ్? అన్నం తిన్నాడా?"

"తింటాడులే. నేనొకటి అడుగుతాను, గుర్తు చేసుకుని చెప్పమ్మా. ఆ రోజు నువ్వు వాడికి ఫోను చేశావు కదూ?"

"చేశాను." ఆమె మొహం వెలిగింది. ఆ వెలుగు నాకిప్పటికీ గుర్తుంది. "అదే మేడమ్ నేను అందరికీ చెబుదామనుకుంటున్నాను, ఎవరూ అడగరే. నేను చెప్పగానే మావాడు చేశాడు. చేసి, వెంటనే నాకు మళ్ళీ ఫోను చేశాడు. 'తీసేశానక్కా' అన్నాడు. నా చెవులతో విన్నాను. తీసేసినవాడు బావని ఎలా చంపుతాడు మేడమ్? ఆ తర్వాత ఇంకెవరో వెళ్ళి తెరిచుంటారు."

"తీసేశానన్నాడా?"

"అవును. అదే మాట. నేను ఆఫీసరు గారికి కూడా అదే చెప్పాను, తీసేశాడట సార్ అని."

"నువ్వు మొదట వాడితో ఏమన్నావు?"

"ఏముంది, లైను తీసెయ్యరా అన్నాను."

ఇంతలో బోర్డు మీద దీపం వెలిగింది. ఆమె అలవాటుగా ఒక వైరు గుచ్చి, "లైను ఇస్తున్నానండీ" అంది. మరో వైరు పీకేస్తూ, "వాళ్ళ మాటలైపోయాయి, తీసేస్తున్నాను" అని తనలో తనే గొణుక్కుంది.

నేను తలుపు పట్టుకుని నిలబడిపోయాను. ఈ గదిలో లైను ఇవ్వడమంటే కలపడం, తీసెయ్యడమంటే తెంపడం. ఫ్యాను తీసెయ్యమంటే ఆగిపోతుంది, దీపం తీసెయ్యమంటే ఆరిపోతుంది. తలుపు తీసెయ్యమంటే? కుళాయి తియ్యమంటే? గొట్టాల మధ్య పెరిగిన ఫిట్టరుకి తియ్యడమంటే తెరవడం, కట్టడమంటే మూయడం. అక్క ఆపమని చెప్పింది, తమ్ముడు తెరవమని విన్నాడు. వాల్వు అప్పటికే మూసి ఉంది కాబట్టి, బావ దిగేముందు గొట్టంలో మిగిలింది కాస్తా ఖాళీ చేయిస్తున్నారనుకుని ఉంటాడు. పని చేసి, బుద్ధిగా కబురు కూడా చెప్పాడు. ఇద్దరూ ఒకే మాట అనుకున్నారు, ఇద్దరికీ పూర్తిగా అర్థమైంది.

వాడు ఫోను రాలేదని ఎందుకన్నాడో, ఉరికి కూడా ఎందుకు సిద్ధపడ్డాడో తెలిసిపోయింది. బావ శవం బయటికి వచ్చిన క్షణానే వాడికి అర్థమై ఉంటుంది. ఫోను వచ్చిందని ఒప్పుకుంటే, ఆ మాట ఎవరన్నారని అడుగుతారు.

"ఏమైంది మేడమ్?" అంది ఆమె.

"ఏం లేదు. నేను మళ్ళీ వస్తాను" అన్నాను. పచ్చి అబద్ధం. ఇన్నేళ్ళ పనిలో నిజం దొరికితే సంతోషించేదాన్ని. ఆ రోజు దొరికినదాన్ని ఎక్కడైనా పడేసి పారిపోవాలనిపించింది.

తిన్నగా వాల్వు గదికి వెళ్ళాను. ఆఫీసరు ఇంకా అక్కడే ఉన్నాడు. మేస్త్రీ కూడా.

"మేస్త్రీ గారూ, మిమ్మల్ని స్నానాల మేస్త్రీ అని ఎందుకంటారు?"

ఆయన సిగ్గుపడుతూ నవ్వాడు. "పాత కథలెండి. నేను గొట్టం కింద పడుకుని నట్టు బిగిస్తుంటే, ఎవరో 'లైను తీసెయ్' అని కబురు పంపారు. కట్టెయ్యమని వాళ్ళ ఉద్దేశం. మావాడు తెరిచేశాడు. నిలువునా తడిసిపోయాను. అప్పట్నుంచీ ఆ పేరే ఖాయమైంది."

"ఈ సంగతి మీకు తెలుసా?" అన్నాను ఆఫీసరుతో.

ఆయన రంగు మారిపోయింది. నేనెందుకు అడుగుతున్నానో అప్పుడే అందింది ఆయనకి. గోడకి ఆనుకున్నాడు.

"అందరం నవ్వుకున్నాం మేడమ్. నేనూ నవ్వాను. నీళ్ళే కదా అనుకున్నాం. ఆ మాట వాడొద్దని ఒక్క ముక్క చెప్పుంటే..." రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"పేరైతే పెట్టారు, బుద్ధి మాత్రం తెచ్చుకోలేదు. ఏడవడానికి తర్వాత చాలా టైముంది. స్టేషనుకి పదండి. తాళం సంగతీ, ఈ స్నానం సంగతీ మీ నోటితో మీరే చెప్పాలి. ఎక్స్ఛేంజి అమ్మాయి పేరు రాకుండా చెప్పగలరేమో చూడండి."

"ఎలా వస్తుంది మేడమ్ రాకుండా?" అన్నాడాయన. నాకూ తెలియలేదు.

వెనక్కి తిరిగేసరికి ఆమె గుమ్మంలో ఉంది.

హెడ్‌ఫోను మెడలోనే వేలాడుతోంది, వైరు నేలకి ఆనింది. ఎంతసేపట్నుంచి నిలబడిందో, ఎంత విన్నదో అడగక్కర్లేకపోయింది. నేనేమీ లేదన్నప్పుడే నన్ను నమ్మలేదన్నమాట.

ఆమె నన్ను చూడలేదు. వాల్వు దగ్గరికి నడిచి, పిడి మీద చెయ్యి వేసింది. "మేస్త్రీ గారూ, దీన్ని తీసెయ్యమంటే మీరేం చేస్తారు?" అంది మెల్లగా.

ఆ పెద్దాయన మావైపు చూశాడు. ఎవరమూ సాయం చెయ్యలేదు.

"తెరుస్తానమ్మా" అన్నాడు.

* * *

మేం వెళ్ళేసరికి స్టేషను ముందు బండి సిద్ధంగా ఉంది. ఇస్త్రీ వాణ్ణి బయటికి తెస్తున్నాడు. అక్కని చూడగానే వాడు ఆగిపోయాడు. ఆమె వెనక ఆఫీసరునీ, నన్నూ చూశాడు. వాడి మొహం పాలిపోయింది.

"అక్కా, నువ్వెందుకొచ్చావు? ఇంటికి పో."

"ఇన్‌స్పెక్టరు గారూ," అంది ఆమె. "ఆ రోజు మా తమ్ముడికి ఫోను చేసింది నేను. ఆపమని చెప్పలేదు. లైను తీసెయ్యమన్నాను. వాడు నేను చెప్పిందే చేశాడు."

"అబద్ధం సార్. నన్ను కాపాడాలని చెబుతోంది. ఫోను రాలేదు సార్."

"వచ్చింది సార్" అన్నాడు ఆఫీసరు వెనక నుంచి. "ఫోనులో ఆమె నాకు తీసేశాడనే చెప్పింది. నేను ఆపేశాడని విన్నాను. తాళం వేయించాల్సింది నేను. ఆ మాటతో ఇదివరకే ఒకసారి తప్పు జరిగిందని తెలిసీ ఊరుకున్నది నేను. ఆ అమ్మాయి తప్పేం లేదు. రాసుకోండి."

ఇస్త్రీ ముగ్గుర్నీ మార్చి మార్చి చూశాడు. తీసెయ్, తీసెయ్ అని పెదవులతోనే రెండుసార్లు అనుకున్నాడు. తర్వాత ఫిట్టరు చేతికున్న బేడీలు విప్పాడు. ఆయన మీద గెలిచానన్న సంతోషం నాకు కాస్తయినా కలగలేదు.

బేడీలు విప్పినా వాడు కదల్లేదు. తిన్నగా నా కళ్ళలోకి చూశాడు.

"ఇంకెవర్నీ అడగొద్దని చెప్పాను కదా మేడమ్. నన్ను కాపాడమని మా అక్క మిమ్మల్ని పెట్టుకుంది. సరే, కాపాడారు. ఇప్పుడు మా అక్కని కాపాడమని నేనెవర్ని పెట్టుకోను?"



ఆమె తమ్ముడి దగ్గరికి వచ్చింది. బేడీలు ఒరుసుకుని కమిలిన మణికట్టుని తన కొంగుతో తుడిచింది.

"నువ్వు జైల్లో కూర్చుంటే నేను ఏమీ తెలియకుండా ఇంట్లో పడుకోవాలా?" అంది. "ఇదేం పంపకంరా?"

అప్పుడు ఏడ్చాడు వాడు. ఆమె ఏడవలేదు. వాడి తల భుజానికి ఆనించుకుని, రోడ్డుకేసి చూస్తూ అలాగే నిలబడింది. కాసేపయ్యాక నన్ను పిలిచింది.

"మేడమ్, మీరు మాటలు జాగ్రత్తగా వింటారు కదా. ఆయన గోతిలోకి దిగుతూ ఆఫీసరు గారిని ఒకమాట అడిగారట, 'మా ఆవిడే చెప్పిందా?' అని. ఆవిడే అని ఈయన చెప్పారట. దారిలో చెప్పారు నాకు."

నేను ఆఫీసరు వైపు చూశాను. ఆయన తల దించుకున్నాడు.

"అయితే భయం లేదని దిగారట" అంది ఆమె.